కాయకమునకు స్థలమేది?
ఇంటి నుండి చేయు సాఫ్ట్‌వేరు పనిని గూర్చిన విచారణ

బసవేశ్వరుడు బోధించిన కాయక ధర్మమున మూడు నియమములు ముఖ్యమైనవి. పని సత్యశుద్ధమై యుండవలెను. దాని ఫలము దాసోహమునకు వినియోగపడవలెను. ఏ వృత్తియు హెచ్చు గాని తగ్గు గాని కాదు. పని ఎచ్చట కూర్చుండి చేయవలెనను నియమము మాత్రము వీనిలో లేదు. అంబిగర చౌడయ్య పడవ నడపెను. మడివాలు మాచయ్య రేవున బట్టలుతికెను. నులియ చందయ్య గడ్డితో త్రాళ్ళు పేనెను. 12వ శతాబ్దపు ఈ శరణులు ఎవరి తావున వారు కాయకము చేసికొని, గోష్ఠికి మాత్రము కల్యాణ నగరమందలి అనుభవ మంటపమున, అల్లమప్రభువు అధ్యక్షతన ఒక్కచోట చేరుచుండిరి. కాయకము వేరువేరుగా, అనుభవము కలసికట్టుగా సాగిన ఈ పద్ధతిని మనస్సునందుంచుకొని నేటి కాలపు ఒక చిక్కును పరిశీలింపవలసియున్నది.

నేడు అనేక లింగాయత కుటుంబముల బిడ్డలు సాఫ్ట్‌వేరు వృత్తిలో ఉన్నారు. 2020 మార్చి 25న దేశమంతట లాక్‌డౌన్ అమలులోనికి వచ్చినప్పుడు హైదరాబాదులోని మాదాపూరు, గచ్చిబౌలి ప్రాంతపు కార్యాలయముల పని ఇండ్లలోనికి వచ్చెను. పిమ్మటి సంవత్సరములలో పెక్కు సంస్థలు వారమునకు కొన్ని దినములైనను కార్యాలయమునకు రావలెనని నిర్ణయించినవి. ఏది మేలను వాదము కుటుంబములలో నేటికిని సాగుచున్నది.

పని స్వభావము

ఈ వృత్తి దూరము నుండి చేయుటకు అనువైనది. ప్రోగ్రాము ఒక ఉమ్మడి భాండారమున నుండును. ప్రతివాడును దాని నకలును తన కంప్యూటరులోనికి తెచ్చుకొని మార్పులు చేయును. తోటివారు పరిశీలించి సమ్మతించిన పిమ్మట ఆ మార్పు మూలమున చేరును. 1991లో ఫిన్లాండు విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లైనక్స్, వేరువేరు దేశములలోని పనివారి చేతులలో ఇట్లే పెరిగెను. ఆ పని కొరకై అతడు 2005లో గిట్ అను సాధనమును నిర్మించెను. కావున దూరము నుండి కూడి పనిచేయుట లాక్‌డౌన్‌తో పుట్టినది కాదు.

లాభములు

నగరమున రాకపోకలకు వ్యయమగు కాలము మిగులును. ఉదయము ఇష్టలింగ పూజ తొందరపాటు లేక జరుగును. వృద్ధులైన తలిదండ్రులకు బిడ్డ తోడు లభించును. ప్రసవానంతరము ఉద్యోగము విడువవలసి వచ్చు స్త్రీలకు వృత్తిని నిలుపుకొను మార్గము కలుగును. చైనాలోని ఒక ప్రయాణ సేవల సంస్థలో ఇంజనీర్లతో సహా 1,612 మందిపై జరిగిన ప్రయోగ ఫలితములు 2024లో ప్రకటింపబడినవి. వారమున రెండు దినములు ఇంటి నుండి పనిచేసినవారిలో ఉద్యోగము విడుచువారి సంఖ్య మూడవ వంతు తగ్గెను. వారి పనితీరునందు గాని, పదోన్నతులందు గాని లోటు కానరాలేదు.

మొదటి పరీక్ష: సత్యశుద్ధత

ఇంట పైవాని కన్ను ఉండదు. ఒకే పనివేళలో రహస్యముగా రెండు సంస్థల జీతము తీసికొనుటను గూర్చి 2022లో మన దేశమున పెద్ద చర్చ జరిగెను. చూచువాడు లేనప్పుడు పని ఎట్లుండునో అదియే కాయకమునకు గీటురాయి. అట్లని ఉద్యోగి కదలికలను క్షణక్షణము యంత్రముతో లెక్కించుట కూడ ధర్మము కాదు. ముగిసిన పనిని చూచి విలువ కట్టుట ఇరువురకు గౌరవము.

రెండవ పరీక్ష: మితము

న్యూయార్కున ఉదయము 10 గంటలగునప్పుడు హైదరాబాదున, ఋతువును బట్టి, రాత్రి 7.30 లేక 8.30 అగును. సాయంపూజ, భోజనము, బిడ్డల చదువు, కార్యాలయ సమావేశము ఒకే వేళకు వచ్చును. కార్యాలయమునకు తలుపు కలదు. ఇంట నున్న పనికి అది లేదు.

ఇచ్చట ఆయ్దక్కి మారయ్య కథ స్మరణీయము. నేల రాలిన బియ్యము ఏరుట అతని కాయకము. ఒకనాడు అతడు నిత్యము తెచ్చుదానికంటె అధికముగా తెచ్చెను. భార్య లక్కమ్మ అది చూచి సంతోషింపలేదు. అవసరమునకు మించినది మనకేలయని మందలించి తిరిగి అచ్చటనే పోసిరమ్మని పంపెను. నేటి ఇంటిలోనికి అధికముగా వచ్చి చేరునది బియ్యము కాదు, పనిగంటలు. చాలునని చెప్పగల లక్కమ్మ ప్రతి ఇంట నుండవలెను. చెప్పినప్పుడు వినువాడును ఉండవలెను.

స్త్రీ ఇంటనుండి ఉద్యోగము చేయునప్పుడు ఆమె ఇంటనున్నదను కారణమున వంటయు, అతిథి మర్యాదయు ఆమెపైననే పడుట న్యాయము కాదు. తలుపు మూసికొని కూర్చున్నది కోడలైనను, కుమారుడైనను అది కాయకమే.

మూడవ పరీక్ష: జ్ఞాన దాసోహము

అన్నిటికంటె సూక్ష్మమైన నష్టమిది. మైక్రోసాఫ్ట్ సంస్థలో 61 వేలకు పైగా ఉద్యోగుల వ్యవహారమును పరిశీలించి 2021లో ప్రకటించిన అధ్యయనమున, అందరును దూరము నుండి పనిచేసినప్పుడు ప్రతి బృందము తనలో తాను ముడుచుకొనెననియు, వేరువేరు బృందముల నడుమ సంబంధములు సన్నగిల్లెననియు తేలెను.

ఈ నష్టము అనుభవజ్ఞునికి వెంటనే తెలియదు. తనకు తెలిసినది తన యొద్ద కలదు. నష్టపడువాడు క్రొత్తగా చేరినవాడు. కార్యాలయమున ప్రక్కవాని భుజము మీదుగా చూచి నేర్చుకొనునది, ఇంటి గదిలో ఒంటరిగా కూర్చున్నవానికి దొరకదు. చిన్న సందేహము నడుగుటకు సంకోచించి దినమంతయు వృథా చేసికొనును. తన అసమర్థతయే కారణమని క్రుంగిపోవును. తలిదండ్రులు మాత్రము బిడ్డ ఇంటనే యున్నాడని సంతసించుచుందురు.

దాసోహము అన్నముతోనే ముగియదు. తెలిసినదానిని అడుగకముందే పంచుట కూడ దాసోహమే. కావున దూరమునుండి పనిచేయు పెద్దలు మూడు ఆచారములు పాటింపవలెను. తీసికొన్న ప్రతి నిర్ణయమును, దాని కారణమును అందరు చూచు చోట వ్రాసియుంచవలెను. క్రొత్తవారితో దినమునకు కొంతసేపు కలసి పని చేయవలెను. ఇతరుల పనిని పరిశీలించునప్పుడు తప్పును చూపుటతో ఆగక దాని హేతువును తెలుపవలెను.

మఠములును ఇందు తోడ్పడగలవు. ఈ వృత్తిలోని యువతీయువకులను నెలకొకమారు పిలిచి, పెద్దలు పిన్నలకు నేర్పు గోష్ఠి నడిపినచో ఒంటరితనము తగ్గును, విద్యయు పెరుగును.

ఇల్లు మేలా, కార్యాలయము మేలా యను ప్రశ్నకు శరణుల జీవితమే సమాధానము. కాయకము ఏ తావుననైనను చేయవచ్చును. కూడి నేర్చుకొను మంటపము లేక మాత్రము అది నిలువదు. ఇంట కూర్చున్నవాడు ఆ మంటపమును తానే నిర్మించుకొనవలెను.

మననము చేయదగిన ప్రశ్నలు

1. చూచువారు లేనప్పుడు మన పనియందు మార్పు వచ్చుచున్నదా?
2. మన ఇంట పని ముగియు వేళ నిర్ణీతమై యున్నదా?
3. ఈ వారమున మనకు తెలిసిన దేనిని ఎవరికి నేర్పితిమి?

శరణు శరణార్థి.