స్వావలంబనము

మహబూబునగరునుండి నాగర్‌కర్నూలునకు పోవు మార్గమున బిజినేపల్లి యను ఊరు కలదు. ఆ మండలమునకు చెందిన వట్టెం గ్రామమున జవాహర్ నవోదయ విద్యాలయ మొకటి యున్నది. పూర్వపు మహబూబునగరు జిల్లా పిల్లలకొరకు ఏర్పడిన విద్యాలయ మది. 2016వ సంవత్సరమున జిల్లాలను విభజించినప్పుడు ఈ ప్రాంతము నాగర్‌కర్నూలు జిల్లాలో చేరినది.

బాలబాలికలారా! ఇట్టి విద్యాలయములలో పిల్లలు గణితము, విజ్ఞానశాస్త్రము మొదలగువానితోపాటు మరియొక విద్యనుగూడ నేర్చుకొందురు. అది పాఠ్యపుస్తకములలో కానరాదు. పరీక్షలలో దానికి మార్కులు లేవు. ఆ విద్యపేరు స్వావలంబనము. తన పనికి తానే ఆధారమగుట యని దాని యర్థము.

ఈ విద్యాలయముల పుట్టుక మన తెలుగునేలతో ముడివడి యున్నది. 1971వ సంవత్సరమున శ్రీ పి.వి. నరసింహారావుగారు ముఖ్యమంత్రిగా నుండగా, నాటి నల్లగొండ జిల్లాలోని సర్వేలు గ్రామమున ఒక గురుకుల పాఠశాల ప్రారంభమైనది. పల్లెలలోని బీదపిల్లలలో తెలివిగలవారిని చేరదీసి, గురువులచెంతనే నివసింపజేసి, విద్య గరపుట దాని యాశయము. పిమ్మట ఆయన కేంద్రప్రభుత్వమున విద్యాశాఖ బాధ్యతను వహించిన కాలముననే నవోదయ విద్యాలయములు వెలసినవి. 1986నాటి జాతీయ విద్యావిధానమున వానికి స్థానము లభించినది.

ఈ విద్యాలయమున ఆరవ తరగతిలో చేరుటకు ప్రవేశపరీక్ష జరుగును. ఏటా 80 మందికి మించి చేర్చుకొనరు. స్థానములలో నూటికి 75కు తగ్గకుండ గ్రామీణ బాలబాలికలకును, మూడవవంతు బాలికలకును కేటాయింతురు. భోజనము, వసతి, దుస్తులు, పుస్తకములు ఉచితముగా లభించును. అట్లు చేరినవారు పండ్రెండవ తరగతివరకు అచ్చటనే చదువుకొనవచ్చును.

ఇంతవరకు విన్నవారికి ఇది మిక్కిలి సుఖమైన జీవితమని తోచవచ్చును. కాని, పది పదునొకండేండ్ల పిల్లకు తొలిరాత్రి ఎట్లుండునో ఊహింపుడు! నిన్నటివరకు తల్లి తల దువ్వి జడ వేసినది. అమ్మమ్మ అన్నము కలిపి పెట్టినది. పుస్తకము కనబడనిచో అన్నయ్య వెదకి యిచ్చినాడు. నేడు ఇనుపపెట్టె, దాని తాళపుచెవి, తన ప్రక్క, తన కంచము, అన్నియు తన బాధ్యతలే. తండ్రి వెనుదిరిగి పోవుచుండగా కన్నీరు రానివారు అరుదు. స్వావలంబన పాఠము ఆ కన్నీటితోనే ఆరంభమగును.

అయినను అచ్చట ఏ పిల్లయు ఒంటరి కాదు. నవోదయ విద్యార్థులను ఆరావళి, నీలగిరి, శివాలిక్, ఉదయగిరి యను నాలుగు బృందములుగా విభజింతురు. ఇవి యన్నియు కొండల పేర్లే. ప్రతి బృందమునకును ఒక ఉపాధ్యాయుడు పెద్దదిక్కు. విద్యార్థులలోనుండి ఒక నాయకుడుండును. ఆటలపోటీలలోను, సాంస్కృతిక కార్యక్రమములలోను ఏ బృందమున కా బృందము పూనుకొని పనిచేయును. పై తరగతివారు చిన్నవారికి ప్రక్క సర్దుకొనుట, బట్టలు ఉదుకుకొనుట నేర్పుదురు. ఒకనాడు సాయము పొందిన పిల్లయే మూడేండ్లకు సాయము చేయు అక్క యగును. ఇతరుల సాయమును నిరాకరించుట స్వావలంబనము కాదనియు, పొందిన సాయమును మరియొకరికి అందించుట అందులోని భాగమే యనియు దీనివలన తెలియుచున్నది.

పనిని విద్యలో భాగముగా నెంచినవారు ఇతరదేశములలోను కలరు. జపానుదేశమున సామాన్య పాఠశాలలలోగూడ పిల్లలే తమ తరగతిగదులను, నడవలను ఊడ్చి తుడుతురు. మధ్యాహ్నభోజనవేళ వంతులవారీగా తోటివారికి వడ్డింతురు. 1921వ సంవత్సరమున హని మోతోకో యను పాత్రికేయురాలు తన భర్తతో కలసి టోక్యో నగరమున ‘జియూ గకుయెన్’ అను పాఠశాలను స్థాపించినది. ‘జియూ’ యనగా స్వేచ్ఛ. ఆ స్వేచ్ఛా విద్యాలయమున విద్యార్థినులు మధ్యాహ్నభోజనమును తామే వండుకొనెడివారు. స్వేచ్ఛ యని పేరుపెట్టి వంటపని చేయించుట యేమని మీకు నవ్వు రావచ్చును. తన పనిని తాను చేసికొనజాలనివాడు, దానిని చేసిపెట్టువాని కెల్లప్పుడును లోబడియే యుండవలెను గదా! పని నేర్చినవానికే స్వేచ్ఛ దక్కునని ఆ దంపతుల భావము.

నవోదయ విద్యాలయములందు మరియొక విశేషము కలదు. తొమ్మిదవ తరగతిలో నూటికి 30 మంది విద్యార్థులను ఒక విద్యాసంవత్సరము వేరొక భాషాప్రాంతమునందలి విద్యాలయమునకు పంపుదురు. తెలుగు పిల్లలు హిందీ మాటలాడు ప్రాంతమునకు పోవుదురు. అచ్చటివారు ఇచ్చటికి వత్తురు. మీకంటె ఒక్కయేడు పెద్దవారు, భాషయు, తిండియు వేరైన తావున ఏడాదికాలము గడిపి వత్తురన్నమాట.

ఈ పద్ధతికి ‘వలస’ యనియే పేరు. పాలమూరు బిడ్డలకు ఆ మాట క్రొత్తది కాదు. వానలు లేక, పంటలు పండక, మేస్త్రీవద్ద ముందుగా సొమ్ము తీసికొని, ఈ నేలనుండి వేలాది కూలీలు దూరప్రాంతములకు వలసపోయిరి. దేశమున ఎన్నో ఆనకట్టలకును, కాలువలకును, రహదారులకును వారు చెమటోడ్చిరి. వారి వలస ఆకలి తరిమిన వలస. ఈ పిల్లల వలస విద్య పిలిచిన వలస. మాట యొక్కటే, బ్రతుకులు వేరు. తాతలు తట్ట మోసిన దారిలో మనుమలు పుస్తకములు పట్టుకొని పోవుట చిన్న మార్పు కాదు.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. గంట మ్రోగగనే లేచుట, గంట మ్రోగగనే చదువుట క్రమశిక్షణ యగునుగాని, అంతమాత్రమున స్వావలంబనము కాజాలదు. వేసవి సెలవులలో ఇంటికి వచ్చినప్పుడు, గంట లేనిచోట, తనంత తాను లేచి పుస్తకము తీసినవాడే ఆ విద్యలో ఉత్తీర్ణుడు. ఇంటికి రాగానే కంచము తల్లిముందుకు నెట్టువాడు ఎన్ని మార్కులు తెచ్చినను తప్పినవాడే.

ఏటా పరీక్ష వ్రాయువారు ఎందరో. చోటు దొరకువారు కొందరే. చోటు దొరకనివారు చిన్నబుచ్చుకొన పనిలేదు. స్వావలంబనమునకు ప్రవేశపరీక్ష లేదు; 80 స్థానములే యను నియమమును లేదు. మీ పల్లెలో, మీ యింటనే ఆ పాఠము మొదలుపెట్టవచ్చును. రేపు ఉదయము మీ ప్రక్కను మీరే చుట్టిపెట్టుడు. తిన్న కంచమును మీరే కడుగుడు. తమ్మునికో చెల్లెలికో ఒక లెక్క నేర్పుడు. తన బరువును తాను మోయ నేర్చినవాడే తరువాత ఇతరుల బరువునకు భుజ మీయగలడు.