సరస్సు ప్రభావ హిమపాతం: ఏర్పడే తీరు, అంచనా వేసే విధానం – నాదర్‌గుల్ చలికాలానికి అన్వయం

రంగారెడ్డి జిల్లా నాదర్‌గుల్ పరిసరాలలో డిసెంబర్, జనవరి ఉదయాలు చెరువుల మీద తెల్లని ఆవిరి లేవడం రైతులకు పరిచితమైన దృశ్యమే. వెచ్చని నీటి మీద చల్లని గాలి నిలవడమే దీనికి కారణం. ఉత్తర అమెరికా మహా సరస్సుల తీరాన మీటర్ల మందాన మంచు కురిపించే ప్రక్రియకు కూడా ఇదే మొదటి మెట్టు. అక్కడ హిమపాతంగా పరిణమించేది ఇక్కడ పొగమంచు దగ్గరే ఎందుకు ఆగిపోతుందో తెలిస్తే చలికాలపు వ్యవసాయ వాతావరణ సలహాలకు సరైన ఆధారం దొరుకుతుంది.

శరదృతువు ముగిసేనాటికి నేల త్వరగా చల్లబడుతుంది. సరస్సు నీరు మాత్రం వేసవి వేడిని చాలాకాలం నిలుపుకుంటుంది. కెనడా వైపు నుంచి వచ్చే అతిశీతల, పొడి గాలి ఆ నీటి మీదుగా సాగేటప్పుడు దాని అడుగు పొర వేడెక్కి, ఆవిరిని గ్రహించి, తేలికై పైకి లేస్తుంది. పైకి వెళ్లిన ఆవిరి మేఘమై, అవతలి తీరం చేరగానే మంచుగా రాలుతుంది. ఈ మేఘాలు తరచు గాలి దిశలో సన్నని పట్టీలుగా ఏర్పడతాయి. 2014 నవంబర్ 17–19 తేదీలలో బఫెలో నగరానికి దక్షిణాన ఉన్న శివారులలో 150 సెంటీమీటర్లకు పైగా మంచు పడగా, కొద్ది కిలోమీటర్ల ఉత్తరాన కొన్ని సెంటీమీటర్లు మాత్రమే పడింది. ‘జిల్లా అంతటా మంచు’ అనే అంచనా అటువంటి చోట దాదాపు నిరుపయోగం.

అంచనాకారులు ముందుగా చూసేది సరస్సు ఉపరితలానికీ, 850 హెక్టోపాస్కల్ తలంలోని గాలికీ మధ్య ఉష్ణోగ్రతా భేదం. అది కనీసం 13 డిగ్రీల సెల్సియస్ ఉండాలన్నది వాడుకలో ఉన్న సూత్రం. విద్యార్థులు ఈ అంకెను కంఠస్థం చేయడం కన్నా దాని పుట్టుకను గ్రహించడం మేలు. ఈరీ సరస్సు ఉపరితలం సముద్రమట్టానికి సుమారు 174 మీటర్ల ఎత్తున ఉంది. 850 తలం సుమారు 1,500 మీటర్ల ఎత్తున ఉంటుంది. మధ్య దూరం 1.3 కిలోమీటర్లు. పైకి లేచే పొడి గాలి కిలోమీటరుకు 9.8 డిగ్రీలు చల్లబడుతుంది కనుక లెక్క 13కు దగ్గరగా వస్తుంది. అంటే భేదం అంతకు తగ్గితే లేచిన గాలి చుట్టూ ఉన్న గాలి కన్నా చల్లనై ఆగిపోతుంది.

రెండవ అంశం, గాలి నీటి మీద ప్రయాణించే దూరం. ఇది వంద కిలోమీటర్ల పైబడి ఉంటే అనుకూలం. ఈరీ పొడవు సుమారు 388 కిలోమీటర్లు. నైరుతి గాలి ఆ పొడవునా వీచినప్పుడే బఫెలోకు ముప్పు. ఎత్తుకు పోయేకొద్దీ గాలి దిశ 30 డిగ్రీలకు మించి మారితే పట్టీ చెదిరిపోతుంది. పైన వెచ్చని పొర మూతవలె ఒక కిలోమీటరు లోపే ఉంటే మేఘం ఎదగదు. ఇక సరస్సు గడ్డకడితే ఆవిరి సరఫరా చాలావరకు తగ్గిపోతుంది. లోతు తక్కువైన ఈరీ తరచు గడ్డకడుతుంది, లోతైన ఒంటారియో అరుదుగా.

ఇదే నీరు వ్యవసాయానికి మేలూ చేస్తుంది. వసంతంలో చల్లగా ఉండి మొగ్గ విచ్చడాన్ని ఆలస్యం చేసి, ఆలస్యపు గడ్డుచలి నుంచి పంటను కాపాడుతుంది. ఈరీ తీరపు ద్రాక్ష, మిషిగన్ తూర్పు తీరపు చెర్రీ ఈ రక్షణలోనే వర్ధిల్లాయి. ఒకప్పుడు అనాబ్-ఇ-షాహీ ద్రాక్షకు పేరుపడిన హైదరాబాద్ పరిసరాల పాఠకులకు ఇది ఆసక్తికరం.

నాదర్‌గుల్ వైపు వస్తే, 13 డిగ్రీల సూత్రాన్ని యథాతథంగా ఎత్తి తేరాదు. ఈ ప్రాంతం సుమారు అర కిలోమీటరు ఎత్తున ఉంది. ఇక్కడి నుంచి 850 తలానికి దూరం సుమారు ఒక కిలోమీటరే. కనుక కావలసిన భేదం 10 డిగ్రీల చుట్టూ ఉంటుంది. చెరువు నీరు 20 డిగ్రీలకు దగ్గరగా ఉన్నప్పుడు ఆ తలంలో గాలి 10 డిగ్రీలకు దిగడం ఇక్కడ చాలా అరుదు. హిమాయత్‌సాగర్ వంటి పెద్ద జలాశయం మీద కూడా గాలి సాగే దూరం మహా సరస్సులతో పోలిస్తే అత్యల్పం. పైగా హైదరాబాద్‌లో నమోదైన కనిష్ఠ ఉష్ణోగ్రతే 6.1 డిగ్రీలు (1946 జనవరి 8). మంచు కురిసే ప్రశ్నే రాదు.

అయితే అసలు భేదం గాలి వేగంలో ఉంది. అక్కడ బలమైన గాలి ఆవిరిని పైకి, దూరానికి మోసుకుపోతుంది. ఇక్కడ నిర్మల ఆకాశం కింద, గాలి స్తంభించిన రాత్రి నేల వేడిని కోల్పోతుంది. నేలను అంటిన పొర పైపొర కన్నా చల్లనవుతుంది. ఈ ఉష్ణోగ్రతా విలోమం మూతవలె నిలిచి, చెరువులూ తడి మళ్లూ వదిలిన తేమను నేల దగ్గరే బంధిస్తుంది. ఫలితం పొగమంచు, దట్టమైన మంచుబిందువులు, గంటల తరబడి ఆకుతడి. టమాట, బంగాళాదుంపలలో ఆకుమాడు తెగులుకూ, ద్రాక్షలో బూజు తెగులుకూ కావలసింది ఇదే.

కాబట్టి ఇక్కడి విస్తరణ శాస్త్రవేత్త చలికాలంలో కనిష్ఠ ఉష్ణోగ్రత ఒక్కదానినే చూస్తే చాలదు. మైదానాలలో 10 డిగ్రీలు లేదా అంతకు తక్కువై, సాధారణం కన్నా కనీసం 4.5 డిగ్రీలు తగ్గితే వాతావరణ శాఖ శీతలగాలులుగా ప్రకటిస్తుంది. 15 డిగ్రీల రాత్రి ఆ హెచ్చరికలోకి రాదు, కానీ తెగులుకు అదే అనువైనది. సాయంత్రపు మంచుబిందు ఉష్ణోగ్రత, రాత్రి గాలి వేగం, ఆకాశంలో మబ్బు – ఈ మూడూ కలిపి చూడాలి. ఉదయపు బెలూన్ పరిశీలనలో అట్టడుగు కొన్ని వందల మీటర్ల పొరను చూస్తే విలోమం ఎంత బలంగా ఉందో తెలుస్తుంది. మంగళ, శుక్రవారాల వ్యవసాయ వాతావరణ సలహాలో ‘ఉదయం పొగమంచు’ అన్న మాటకు తోడు, ఆకుతడి ఎన్ని గంటలు నిలవవచ్చో కూడా చెప్పగలిగితే, మందు పిచికారీ ఆ వారం అవసరమో కాదో రైతు తేల్చుకోగలడు.