వచ్చే సౌర శిఖరానికి మీరెక్కడ ఉంటారు?

ఇంటర్ మొదటి సంవత్సరంలో ఎంపీసీ తీసుకున్న అమ్మాయికి పదహారేళ్లు అనుకుందాం. ఇంటర్ రెండేళ్లు, డిగ్రీ మూడేళ్లు, పీజీ రెండేళ్లు, ఆపైన పరిశోధన. ఆమె పీహెచ్‌డీ చేస్తుండగానే 2030ల నడుమకు వచ్చేస్తాం. దాదాపు ఆ రోజులకే సూర్యుడు మళ్లీ ఉగ్రరూపం దాల్చాలి. సూర్యుడి మీది మచ్చలు సగటున పదకొండేళ్లకోసారి పెరిగి తగ్గుతుంటాయి. 1755 నుంచి మొదలుపెట్టిన లెక్కలో ఇప్పుడు నడుస్తున్నది 25వ చక్రం. 2019 డిసెంబరులో మొదలై 2024లో శిఖరాన్ని తాకింది. కోర్సు ఎంచుకునేటప్పుడు అందరూ మార్కెట్ ఎటు పోతోందని అడుగుతారు. పదేళ్ల తర్వాతి మార్కెట్‌ను ఎవరూ చెప్పలేరు. పదేళ్ల తర్వాతి సూర్యుణ్ని గురించి మాత్రం కాస్త ధైర్యంగా చెప్పవచ్చు. అందుకే మన ఖమ్మం జిల్లాలోని కూసుమంచి, పాలేరు, తిరుమలాయపాలెం పిల్లలకు సూర్యుణ్నీ, భూమిపై అతని ప్రభావాన్నీ చదివే ఈ రంగాన్ని పరిచయం చేయాలనిపించింది.

ఇది మన నేలకు కొత్త విద్య కాదు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చినప్పుడు ఫ్రెంచి శాస్త్రవేత్త జూల్ జాన్సెన్ గుంటూరులో మకాం వేశాడు. సూర్యుడి అంచున ఎగసే ఎర్రటి మంటల వెలుగును వర్ణపటదర్శినితో విడదీసి, అవి మండే వాయువులని గుర్తించాడు. ఆ మర్నాడు గ్రహణం లేకుండానే వాటిని చూడగలిగాడు. అంతవరకూ గ్రహణం పట్టిన కొద్ది నిమిషాల్లో మాత్రమే దొరికే దృశ్యం ఆ రోజు నుంచి ఎప్పుడైనా చూడగలిగేదయింది. 1980 ఫిబ్రవరి 16న వచ్చిన సంపూర్ణ గ్రహణం నీడ కర్ణాటక తీరం నుంచి ఒడిశా దాకా సాగుతూ మన ఖమ్మం జిల్లా మీదుగానే వెళ్లింది. ఇంట్లో పెద్దవాళ్లను అడగండి, ఆ పూట తలుపులు బిగించుకుని కూర్చున్నవాళ్లే ఎక్కువ. అదే పూట ఇబ్రహీంపట్నం దగ్గర ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి జపాల్–రంగాపూర్ వేధశాలలో శాస్త్రవేత్తలు సూర్యుడి కరోనాను కొలుస్తూ కూర్చున్నారు.

ఇక అసలు విషయానికి వద్దాం. సూర్యుడు గట్టి గోళం కాదు. నడిమి భాగం దాదాపు 25 రోజుల్లో ఒక చుట్టు తిరిగితే, ధ్రువాల దగ్గర అంతకంటే చాలా నెమ్మది. ఈ తేడా వల్ల లోపలి అయస్కాంత రేఖలు నులకతాడులా మెలిపడుతూ పోతాయి. మెలి ఎక్కువైన చోట అవి పైకి పొడుచుకొస్తాయి. అక్కడ కనబడేవే మచ్చలు. బిగిసిన రేఖలు ఒక్కసారిగా తెగి మరో తీరున అతుక్కున్నప్పుడు బయటపడే శక్తే సౌరజ్వాల. దాన్ని ఎక్స్‌రే తీవ్రతను బట్టి ఏ, బీ, సీ, ఎం, ఎక్స్ అని వర్గీకరిస్తారు. ఒక్కో మెట్టుకు తీవ్రత పది రెట్లు పెరుగుతుంది. 2024 అక్టోబరు 3న ఎక్స్ 9.0 జ్వాల వచ్చింది.

ఇక్కడ చాలామంది కలగాపులగం చేసే సంగతి ఒకటుంది. సూర్యుడి నుంచి వచ్చే దెబ్బ ఒక్కటి కాదు, మూడు. మూడూ వేర్వేరు వేళల్లో భూమిని చేరతాయి. ఏ దెబ్బ మీద పనిచేస్తారన్నదాన్ని బట్టే మీ చదువూ, మీ కొలువూ మారిపోతాయి. అందుకే దీన్ని కాస్త నిదానంగా చెబుతాను.

ముందు వెలుతురు వస్తుంది, ఎనిమిది నిమిషాల ఇరవై సెకన్లలో. జ్వాల నుంచి వచ్చే ఎక్స్‌కిరణాలు పగలున్న వైపు పైవాతావరణంలోని అయనోస్ఫియర్ కింది పొరను తట్టిలేపుతాయి. ఆ పొర హెచ్ఎఫ్ రేడియో తరంగాలను మింగేస్తుంది. సముద్రాల మీద ఎగిరే విమానాలు మాట్లాడుకునేది ఆ రేడియోలోనే. ముందు హెచ్చరించే వ్యవధి ఇక్కడ సున్నా, ఎందుకంటే జ్వాల కనబడేది కూడా ఆ వెలుతురుతోనే. కాబట్టి ఇక్కడ పని అంతా మచ్చల తీరు చూసి, పేలకముందే పేలుతుందా లేదా అని అంచనా వేయడం. ఫిజిక్సూ డేటా సైన్సూ కలిసే చోటిది.

తర్వాత వేగంగా దూసుకొచ్చే ప్రోటాన్లు. పదుల నిమిషాల నుంచి కొన్ని గంటల్లో వస్తాయి. ఉపగ్రహాల్లోని చిప్పుల్లో సున్నాను ఒకటిగా, ఒకటిని సున్నాగా మార్చేయగలవు. 2025 నవంబరు చివర్లో ఎయిర్‌బస్ సంస్థ తీవ్రమైన సౌర వికిరణం వల్ల విమాన నియంత్రణకు కీలకమైన డేటా చెడిపోవచ్చని ప్రకటించి, ఏ320 కుటుంబానికి చెందిన దాదాపు 6,000 విమానాలకు మార్పులు చేయించింది. మన ఇండిగో, ఎయిర్ ఇండియా విమానాలూ అందులో ఉన్నాయి. ఈసీఈ, కంప్యూటర్ సైన్స్ చదివేవారు ఈ ఉదంతాన్ని శ్రద్ధగా చదవాలి. వికిరణాన్ని తట్టుకునే ఎలక్ట్రానిక్స్, తప్పును తానే దిద్దుకునే సాఫ్ట్‌వేర్ రాయగలవారి అవసరం ఇలాంటి చోటే పుడుతుంది.

చివరగా, సూర్యుడు విసిరిన ప్లాస్మా మేఘం. దీన్నే సీఎంఈ అంటారు. సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజుల్లో భూమిని తాకి అయస్కాంత తుపాను రేపుతుంది. 1989 మార్చి 13న కెనడాలోని క్యుబెక్‌లో ఇలాంటి తుపాను వల్లే దాదాపు 60 లక్షల మందికి తొమ్మిది గంటలపాటు కరెంటు పోయింది. 2022 ఫిబ్రవరిలో ఓ మోస్తరు తుపానుకే పైవాతావరణం ఉబ్బి, అప్పుడే ప్రయోగించిన 49 స్టార్‌లింక్ ఉపగ్రహాల్లో దాదాపు 40 కక్ష్య అందుకోలేక రాలిపోయాయి. 2024 మే 10, 11 తేదీల తుపాను రెండు దశాబ్దాల్లో అతి పెద్దది. లద్దాఖ్‌లోని హాన్లేలో ఆకాశం ఎర్రబారింది. అమెరికాలో సరిగ్గా విత్తనాలు వేసే రోజులవి. జీపీఎస్‌తో నడిచే ట్రాక్టర్లు సాళ్లు తప్పి, రైతులు పని ఆపుకోవాల్సి వచ్చింది.

ట్రాక్టర్ల సంగతి వింటే మనవాళ్లకు దూరపు ముచ్చటగా అనిపించవచ్చు. కాదు. మన జిల్లాలో వరికీ మిరపకూ మందు కొట్టే డ్రోన్లు నిలబడేది ఉపగ్రహాల సంకేతాల మీదే. పైగా మన అక్షాంశానికి ఒక ప్రత్యేకత ఉంది. అయస్కాంత భూమధ్యరేఖ దక్షిణాదిలో తిరునెల్వేలి దగ్గరగా పోతుంది. దానికి ఉత్తరంగా అయనోస్ఫియర్ చాలా దట్టంగా పేరుకుంటుంది. సూర్యుడు చురుగ్గా ఉన్న ఏళ్లలో, ముఖ్యంగా మార్చి, సెప్టెంబరు ప్రాంతాల్లో, పొద్దుగూకాక అందులో బుడగల్లాంటి ఖాళీలు పుట్టి పైకి లేస్తాయి. జీపీఎస్ సంకేతం వాటిని దాటేటప్పుడు మిణుకుమిణుకుమంటుంది. యూరప్ వాళ్ల నమూనాలు ఇక్కడికి సరిపోవు. విమానాలకు దారి చూపేందుకు ఇస్రో, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కలిసి కట్టిన గగన్ వ్యవస్థకు ఈ అయనోస్ఫియరే పెద్ద చిక్కు. ఆంధ్ర విశ్వవిద్యాలయమూ, ఉస్మానియాలోని నావిగేషనల్ ఎలక్ట్రానిక్స్ పరిశోధన కేంద్రం నెర్టూ దాని మీద ఏళ్ల తరబడి పనిచేశాయి. ఈ సమస్య మన నెత్తిమీద ఉంది. దీన్ని తేల్చాల్సిన వాళ్లు కూడా ఇక్కడివాళ్లయితేనే బాగుంటుందని నా గట్టి నమ్మకం.

కూసుమంచి నుంచి హైదరాబాద్ బస్సెక్కితే సూర్యాపేట, నకిరేకల్ దాటాక చౌటుప్పల్ వస్తుంది. అక్కడ సీఎస్ఐఆర్–ఎన్‌జీఆర్ఐ వారి అయస్కాంత పరిశీలన కేంద్రం ఉంది. ఉప్పల్‌లోని వాళ్ల పాత కేంద్రం 1964 నుంచి భూమి అయస్కాంత క్షేత్రాన్ని నమోదు చేస్తోంది. నగరపు విద్యుత్ రొద పెరగడంతో చౌటుప్పల్‌లో మరోటి పెట్టారు. సూర్యుడి తుపాను భూమిని తాకిన క్షణం అక్కడి రికార్డులో కనబడుతుంది. తిరుపతి దగ్గర గాదంకిలో నేషనల్ అట్మాస్ఫెరిక్ రీసెర్చ్ లాబొరేటరీ రాడార్లతో పైవాతావరణాన్ని చూస్తుంటుంది. శ్రీహరికోట నుంచి 2023 సెప్టెంబరు 2న బయలుదేరిన ఆదిత్య–ఎల్1 భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరాన నిలిచి, 2024 జనవరి నుంచి సూర్యుణ్ని కనిపెట్టుకుని ఉంది. దానిలోని సోలెక్స్, హీలియోస్ పరికరాలు సౌరజ్వాలల ఎక్స్‌కిరణాలనే కొలుస్తాయి.

మరి దారి ఏది? పరిశోధన వైపు వెళ్లాలనుకుంటే బీఎస్సీలో ఫిజిక్స్, మ్యాథ్స్ తప్పనిసరిగా పెట్టుకోండి. మూడోదిగా ఎలక్ట్రానిక్స్ కానీ కంప్యూటర్ సైన్స్ కానీ ఉంటే మేలు. డిగ్రీ ప్రవేశాల పోర్టల్ దోస్త్ ద్వారా ఖమ్మం ఎస్ఆర్ అండ్ బీజీఎన్ఆర్ ప్రభుత్వ కళాశాలలో చేరినా సరే, పునాది గట్టిగా వేసుకుంటే ఏ లోటూ ఉండదు. ఆపైన ఎమ్మెస్సీకి ఐఐటీ జామ్ కానీ, మన రాష్ట్రంలోని సీపీగెట్ కానీ రాయాలి. పీహెచ్‌డీకి సీఎస్ఐఆర్ నెట్, గేట్, జెస్ట్ పరీక్షలు. నెట్‌లో ఫిజిక్స్ పేపరే కాక భూమి, వాతావరణ, సముద్ర, గ్రహ శాస్త్రాల పేపరు కూడా ఉందని మన పిల్లల్లో చాలామందికి తెలియదు. జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ వస్తే నెలకు రూ.37,000, దానిపై ఇంటి అద్దె భత్యం. ఇంటికి భారం కాకుండా చదువుకోవచ్చు. జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో మంచి ర్యాంకు వస్తే తిరువనంతపురంలోని ఐఐఎస్‌టీ, సైన్స్ మీదే మనసుంటే ఐఏటీ పరీక్షతో తిరుపతి ఐసర్ ఉన్నాయి.

ఇంజినీరింగే చదువుతామంటే అదీ మంచిదే. పాలేరు పేరుతో వచ్చిన జేఎన్‌టీయూహెచ్ కాలేజీలో చేరినా, మరెక్కడ చేరినా సిగ్నల్ ప్రాసెసింగ్, యాంటెన్నాలు, ఎంబెడెడ్ సిస్టమ్స్ సబ్జెక్టులను పాస్ మార్కుల కోసం చదివి వదిలేయకండి. ఇస్రో సైంటిస్ట్/ఇంజినీర్ పోస్టులకు బీటెక్‌లో కనీసం 65 శాతం అడుగుతుంది. హైదరాబాద్‌లోని స్కైరూట్, ధ్రువ స్పేస్, అనంత్ టెక్నాలజీస్ లాంటి సంస్థలకు వికిరణం, కక్ష్యల లెక్కలు తెలిసిన వారి అవసరం ఉంటుంది.

పదో తరగతి తర్వాత ఐటీఐకో పాలిటెక్నిక్‌కో వెళ్లిన పిల్లలకు ఈ రంగంలో చోటు లేదనుకోవడం పెద్ద పొరపాటు. ఇస్రో కేంద్రాలు ఐటీఐ వారిని టెక్నీషియన్లుగా, ఫస్ట్ క్లాస్ డిప్లొమా వారిని టెక్నికల్ అసిస్టెంట్లుగా తీసుకుంటాయి. ఎలక్ట్రానిక్ మెకానిక్, ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ ట్రేడుల వాళ్లు లేకపోతే ఏ రాడారూ నడవదు. ఫిజిక్స్, మ్యాథ్స్‌తో బీఎస్సీ చేసినవారికి ఎయిర్‌పోర్ట్స్ అథారిటీలో ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ జూనియర్ ఎగ్జిక్యూటివ్ ఉద్యోగం మరో మంచి అవకాశం. దీని పేరు మన కాలేజీల్లో వినబడకపోవడం బాధ కలిగిస్తుంది.

తల్లిదండ్రులతో ఒక మాట. శాశ్వత శాస్త్రవేత్త ఉద్యోగాలు తక్కువ, పోటీ ఎక్కువ. ఇది దాచిపెట్టి పిల్లల్ని ఊరించడం తప్పు. కానీ ఈ దారిలో నేర్చే పని, అంటే గోలలోంచి సంకేతాన్ని వేరు చేయడం, కాలక్రమపు డేటాతో అంచనా కట్టడం, పరికరాన్ని సరిచూసుకోవడం, బ్యాంకుల్లోనూ టెలికంలోనూ విద్యుత్ సంస్థల్లోనూ పనికొస్తుంది. పీహెచ్‌డీ చివరిదాకా వెళ్లకపోయినా ఆ ఏళ్లు వృథా కావు. పేరులో ‘స్పేస్’ అని పెట్టుకుని వేలకు వేలు ఫీజు అడిగే సర్టిఫికెట్ కోర్సులకు మాత్రం డబ్బు కట్టకండి. ఇస్రో వారి ఐఐఆర్ఎస్ ఉచితంగానే ఆన్‌లైన్ పాఠాలు చెబుతోంది. తొమ్మిదో తరగతి పిల్లలకు ఇస్రో వారిదే యువిక కార్యక్రమం ఉంది. పల్లె బడుల్లో చదివేవారికి ఎంపికలో వెయిటేజీ ఇస్తారు కాబట్టి కూసుమంచి జిల్లా పరిషత్ హైస్కూలు పిల్లలూ, పాలేరు నవోదయ పిల్లలూ దరఖాస్తు చేయకుండా ఉండకూడదు.

డిగ్రీ దాకా ఆగాల్సిన పని లేదు. బ్రసెల్స్‌లోని రాయల్ అబ్జర్వేటరీ సూర్యమచ్చల సంఖ్యలను అందరికీ ఉచితంగా ఇస్తుంది. వాటిని దింపుకుని పైథాన్‌తో ఒక గ్రాఫు గీయండి. పదకొండేళ్ల అలలు మీ కంటికే కనబడతాయి. శిఖరాల ఎత్తుల్లో తేడా ఎందుకుందని ప్రశ్న పుడితే మీరు పనిలో దిగినట్టే. తర్వాత ఇస్రో ప్రదాన్ పోర్టల్‌లో ఆదిత్య–ఎల్1 డేటా ఉంది. సన్‌పై అనే ఉచిత పైథాన్ లైబ్రరీతో సౌరజ్వాలలు ఎన్ని వచ్చాయో, ఏ తరగతివో లెక్కపెట్టవచ్చు. మామూలు ల్యాప్‌టాప్ చాలు. సూర్యుణ్ని నేరుగా కంటితో గానీ, ఫిల్టర్ లేని దుర్భిణితో గానీ చూడొద్దు. టెలిస్కోప్ వెనక తెల్ల కాగితం పట్టి దానిమీద పడ్డ బింబంలో మచ్చల్ని చూడండి. అప్పుడు కూడా పక్కన టీచర్ ఉండాలి.

డిగ్రీ రెండో ఏడాదికి వచ్చాక ఈ గ్రాఫులన్నీ రెండు పేజీల నివేదికగా రాసుకోండి. సైన్స్ అకాడమీల సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్‌కు దరఖాస్తు పెట్టండి. గాదంకిలోనో ఎన్‌జీఆర్ఐలోనో మీకు నచ్చిన అంశం మీద పనిచేస్తున్న శాస్త్రవేత్త పేపరు ఒకటి నెమ్మదిగా చదివి, అందులో అర్థం కాని ఒక్క ప్రశ్న తీసుకుని, మీ నివేదిక జతచేసి చిన్న మెయిల్ రాయండి. జవాబు రాకపోతే నెల తర్వాత ఇంకొకరికి రాయండి.