జాలరిపేట నుండి ప్రపంచ విచారణ వఱకు

విశాఖపట్టణమున సముద్రతీరమందు జాలరిపేట కలదు. అచటి కుటుంబములకు సముద్రమే పొలము, వలయే నాగలి. తెల్లవారకముందే పడవలు అలలను దాటి లోపలికి పోవును. అవి మరల గట్టుచేరు వఱకు ఇంటివారి చూపు నీటిపైననే నిలిచియుండును. వచ్చిన చేపలను స్త్రీలు గంపల కెత్తుకొని వీథివీథి దిరిగి అమ్ముదురు.

అదే నగరమున 1933లో తెఱవబడిన ఓడరేవును, 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారమును కలవు. ఊదుకొలిమిలో ఇనుప ఖనిజముతోపాటు కోకు బొగ్గును వేయుదురు. బొగ్గులోని కర్బనము ఖనిజమునందలి ఆమ్లజనిని గ్రహించి, తుదకు బొగ్గుపులుసు వాయువై గాలిలో కలియును. ఈ పద్ధతిని ఒక టన్ను ఉక్కు తయారగుసరికి సుమారు రెండు టన్నుల వాయువు వెలువడును. ఉక్కు లేనిదే వంతెన లేదు, రైలు లేదు; జాలరి పడవలోని యంత్రమును లేదు. కావున ఈ విషయమున ఒకరిని నిందించి ఊరకుండుటకు వీలులేదు.

బొగ్గుపులుసు వాయువు కంటికి కనబడదు. కాని భూమినుండి వెడలిపోవు వేడిమిని అది కొంత పట్టి యుంచును. 1958లో చార్లెస్ కీలింగ్ అను శాస్త్రజ్ఞుడు హవాయి ద్వీపమునందలి ఒక పర్వతముపై దీనిని కొలుచుట ప్రారంభించెను. అప్పుడు పదిలక్షల పాళ్ల గాలిలో అది సుమారు 315 పాళ్లుండెను. నేడు 420 పాళ్లను మించినది. అందుచే భూమియు సముద్రమును వేడెక్కుచున్నవి.

2014వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపై విఱుచుకొనిపడెను. చెట్లు కూలెను, పడవలు పగిలెను, నగరము చీకటిలో మునిగెను. ఒక్క తుపానును చూపి, ఇది భూతాపము వలననే పుట్టినదని చెప్పుట శాస్త్రసమ్మతము కాదు. కాని వేడెక్కిన సముద్రము తుపానులకు బలము నిచ్చునని శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. బొగ్గుపులుసు వాయువును మిక్కిలి తక్కువగా వెలువరించినవాడు జాలరి. ముందుగా నష్టపడువాడును అతడే.

అట్లయిన ఈ వాయువును తగ్గించు మార్గమేది? ఎంత తగ్గింపవలెను? వ్యయమెంత? ఆ భారము నెవరు మోయవలెను? ఈ ప్రశ్నలకు ఒక్క పండితుడు గాని, ఒక్క దేశము గాని సమాధానము చెప్పజాలదు. అందులకై 1988లో ప్రపంచ వాతావరణ సంస్థయు, ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమమును కలసి ఐ.పి.సి.సి. అను అంతర్ ప్రభుత్వ మండలిని స్థాపించినవి. నేడు 195 దేశములు ఇందు సభ్యులుగా నున్నవి. ఇందలి మొదటి వర్గము వాతావరణ శాస్త్రమును, రెండవది నష్టములను, మూడవది తగ్గింపు మార్గములను విచారించును.

ఈ మండలి స్వయముగా ప్రయోగములు చేయదు. ప్రపంచమందలి పరిశోధనలను చదివి, తూచి, సారము చెప్పును. 2022 ఏప్రిల్‌లో వెలువడిన మూడవ వర్గపు నివేదికను 65 దేశములకు చెందిన 278 మంది రచించిరి. అందు 18,000లకు పైగా పరిశోధన రచనలు ఉదహరింపబడినవి. చిత్తుప్రతులపై పరిశీలకులు వ్రాసి పంపిన అభిప్రాయములు 59,000లకు మించినవి. బ్రిటన్ దేశీయుడగు జిమ్ స్కీయును, భారతీయుడగు ప్రియదర్శి శుక్లయు ఆ వర్గమునకు సహాధ్యక్షులుగా పనిచేసిరి. రచయితలకు మండలి జీతము నియ్యదు.

ఇంతటి కార్యమునకు ముందు చేయవలసిన పని యొకటి కలదు. ఏ ప్రశ్నలు వేయవలెనో నిర్ణయించుటయే ఆ పని. మొదట నిపుణులు సమావేశమై అధ్యాయముల పట్టికను తయారుచేయుదురు. దానిని సభ్యదేశములు చర్చించి ఆమోదింపవలెను. పిమ్మట రచయితలను ఎన్నుకొందురు. చిత్తుప్రతులను లోకమందలి నిపుణులు, ప్రభుత్వములు పరీక్షింతురు. తుదకు సంగ్రహమును దేశముల ప్రతినిధులు పంక్తి పంక్తిగా చదివి అంగీకరింతురు.

జాలరికి ఇందలి రహస్యము సులభముగా తెలియును. వలకన్ను ఎంత యుండునో, చిక్కు చేపయు అంతయే. పెద్దకన్ను వలలో చిన్నచేప నిలువదు. అంతమాత్రమున సముద్రములో చిన్నచేప లేదనరాదు. విచారణలోని ప్రశ్నలును వలకన్నుల వంటివే. అడుగని ప్రశ్నకు జవాబు దొరకదు.

దీనికి నిదర్శన మొకటి కలదు. 2022 నాటి నివేదికకు పథకము 2017లో సిద్ధమైనది. నిపుణులు ఆడిస్ అబాబాలో కూడిరి. దేశములు మాంట్రియల్‌లో ఆమోదించినవి. ప్రజల అవసరములను, జీవన విధానమును గూర్చి ప్రత్యేకముగా ఒక అధ్యాయ ముండవలెనని అప్పుడు నిర్ణయించిరి. ఆ అధ్యాయమునకు నాయకత్వము వహించినవారిలో జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయమున అర్థశాస్త్రము బోధించిన జయశ్రీ రాయ్ ఒకరు. ఆహారము, నివాసము, ప్రయాణము మొదలగు వినియోగ రంగములలో మార్పులు చేసినచో, 2050 నాటికి ఆయా రంగముల ఉద్గారములను 40 నుండి 70 శాతము వఱకు తగ్గింప వీలున్నదని తేలినది. ప్రశ్న వేసిరి గనుకనే ఈ సమాధానము లభించినది.

తరువాతి నివేదికకై 2024 డిసెంబరులో కౌలాలంపూరులో ఇన్నూఱుమందికి పైగా నిపుణులు సమావేశమైరి. 2025 ఫిబ్రవరిలో చైనాలోని హాంగ్‌జౌ నగరమున సభ్యదేశములు అధ్యాయముల పట్టికను ఆమోదించినవి. కాని నివేదిక ఎప్పటికి ముగియవలెనను విషయమున ఆ సభలో ఏకాభిప్రాయము కుదురలేదు. 2028లో ప్రపంచ దేశములు తమ ప్రగతిని లెక్క చూచుకొనవలసి యున్నది. లెక్క ముగిసిన పిదప వచ్చు నివేదిక, పడవ మునిగిన పిదప వచ్చు తుపాను హెచ్చరిక వంటిది. కావున కాలనిర్ణయము చిన్న విషయము కాదు.

న్యాయముగా పథకము వేయుట అసాధ్యమా? జాలరిపేట వారే ఒక కట్టుబాటును పాటించుచున్నారు. చేపలు గ్రుడ్లు పెట్టు కాలమగుటచే, ఏటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు 61 దినములు తూర్పుతీరమున మరపడవల వేట నిషేధింపబడుచున్నది. యంత్రములేని సంప్రదాయ పడవలకు ఈ నిషేధము లేదు. ఎక్కువ పట్టువాడు ఎక్కువ ఆగవలెను. ఆగినవాని కుటుంబము పస్తుండకుండ ప్రభుత్వము భృతి నొసంగవలెను. ఇదియే అందలి న్యాయము.

ఉక్కు విషయమునను ఇట్టి న్యాయమే వెదుకవలెను. బొగ్గునకు మాఱుగా ఉదజనిని వాడి ఇనుమును తీయు పద్ధతి కలదు. అప్పుడు బొగ్గుపులుసు వాయువునకు బదులు నీటియావిరి వెలువడును. కాని ఎండ, గాలి మొదలగు శక్తులతో తయారైన ఉదజని నేడు ప్రియముగా నున్నది. కొలిమిని ఆర్పుమనుట సులభము. దానిని నమ్ముకొన్న పనివారి కూటిమాట యేమి? ఈ ప్రశ్నయు పట్టికలో చోటు చేసికొనవలెను.

ఐ.పి.సి.సి. ఏ ప్రభుత్వమును శాసింపదు. మార్గములను, వాటి ఫలితములను చూపి ఊరకుండును. అదియు, వ్రాయబడినదానినే చదువగలదు. జాలరిపేట ముదుసలికి గాలిని, నీటిని గూర్చి తెలిసినది ఎవరును వ్రాయనిచో, ఆ జ్ఞానము ఏ నివేదికకును చేరదు. నేడు బడిలో చదువుచున్న జాలరి బిడ్డ రేపు దానిని కొలిచి, వ్రాసి, లోకము ముందుంచవచ్చును. అప్పుడు ప్రపంచపు వలలో జాలరిపేట ప్రశ్నయు నిలుచును.

ప్రశ్నలు

1. ఊదుకొలిమినుండి బొగ్గుపులుసు వాయువు ఎట్లు వెలువడును?
2. విచారణలోని ప్రశ్నలను వలకన్నులతో ఏల పోల్చిరి?
3. వేట నిషేధములోని న్యాయమెట్టిది? అది ఉక్కు పరిశ్రమ కెట్లు వర్తించును?