పిల్లికి పుట్టకురుపు: చికిత్సను నిర్ణయించుట

కాన్సరును తమిళమున పుట్రునోయ్ అందురు. మన పెద్దలు పుట్టకురుపు అనెడివారు. రెండు భాషలవారికిని చీమలపుట్టయే తోచుట విశేషము. పుట్టలో పైకి కనబడునది కొంతయే. లోపలి త్రోవలు ఎంతదూరము పోయినవో పైనుండి చెప్పజాలము. ఈ వ్యాధి స్వభావము సరిగా అట్టిదే.

పిల్లికి సామాన్యముగా నాలుగు జతల పాలగ్రంథులుండును. ముదిమి వచ్చిన ఆడుపిల్లికి వానియందు గడ్డ పుట్టినచో, నూటికి 80 నుండి 90 వఱకు అది దుష్టమైన గడ్డయే. అది ప్రక్క గ్రంథులకును, చంకలకును, తుదకు ఊపిరితిత్తులకును ప్రాకును. కావున "తనంతట అణగునేమో చూతము" అని నెలలు గడపుట తగదు.

ఇద్దఱు గృహస్థులను ఊహింపుడు. ఒకరి పిల్లికి గడ్డ శనగగింజంత. రెండవవారి పిల్లికి నిమ్మకాయంత. "కోయించవచ్చునా?" అని యిద్దఱును అడుగుదురు. ప్రశ్న యొక్కటియే, ఉత్తరములు వేఱు. గడ్డ 2 సెంటీమీటర్లకు లోపున నుండగా శస్త్రచికిత్స జరిగిన పిల్లులు తఱచుగా మూడేండ్లకు పైగా బ్రదుకును. 3 సెంటీమీటర్లు దాటిన పిమ్మట సుమారు ఆఱు నెలలే సామాన్యము.

గడ్డ నొక్కదానినే తీయుట చాలదు. అది పుట్టపై మన్ను త్రోసి త్రోవలను విడిచినట్లగును. ఆ ప్రక్క నున్న గ్రంథుల వరుసనంతయు వైద్యులు తీసివేయుదురు. అంతకుముందు రొమ్మునకు ఎక్స్‌రే తీయింపవలెను. ఊపిరితిత్తులలో వ్యాధి కనబడినచో కోత వలన ప్రయోజనము స్వల్పము. అప్పుడు నొప్పిని తగ్గించుటయు, బాధ మితిమీరిన నాడు వైద్యునిచే సుఖమరణము కలిగించుటయు దయగల మార్గము. అట్టి పిల్లిని మన తృప్తికొఱకు పెట్టెలో పెట్టి బస్సులలో ఊరూర త్రిప్పుట నాకు సమ్మతము కాదు.

పిల్లి తన నొప్పిని దాచును. ఒడలు నాకికొనుట మానినదా, మూలల నణగియున్నదా అని కనిపెట్టవలెను. నిద్రించు పిల్లి ఊపిరులను గడియారము చూచి బాలురే లెక్కింపవచ్చును. పలుమాఱులు నిమిషమునకు 30 దాటినచో వైద్యునికి తెలుపవలెను.

ధర్మపురివారు మొదట దగ్గఱి పశువైద్యశాలకు పోవుట మేలు. పెద్ద చికిత్స అవసరమైనచో నామక్కల్‌లో 1985లో స్థాపింపబడిన పశువైద్య కళాశాల కలదు. ఉత్తరమున బెంగళూరు హెబ్బాళలో మఱియొకటి కలదు. మన గడ్డయే తమిళమున కట్టి. పెద్దలకు తమిళము తడబడినచో బిడ్డలే చెప్పవచ్చును: గడ్డ యెప్పుడు కనబడినది, ఎంత పెరిగినది, పిల్లి యేమి తినుచున్నది.

ఒక్కమాట. నొప్పికని యింట నున్న పారాసిటమాల్‌ను పిల్లికి ఎన్నడును పెట్టరాదు. దాని కాలేయము ఆ మందును విఱువజాలదు; రక్తము ప్రాణవాయువును మోయు శక్తిని కోల్పోవును. ఒక్క బిళ్ళయే ప్రాణము తీయవచ్చును.