పోయిన పన్ను స్థానంలో ఇంప్లాంటు: మనకు తగినదేనా?

1. పరిచయం

పళ్ళు పుచ్చిపోవడానికి, చిగుళ్ళ జబ్బులకు కారణాలేమిటో గత పాఠంలో తెలుసుకున్నారు. పాడైన పన్నును తీయించుకున్నాక ఏం చేయాలి? చాలామంది "నొప్పి పోయింది కదా" అని ఊరుకుంటారు. దవడ పన్ను పోతే బయటికి కనిపించదు కాబట్టి అసలే పట్టించుకోరు. మరికొందరు ప్రకటన చూసి, అప్పు చేసి అయినా ఇంప్లాంటు వేయించుకోవాలని తొందరపడతారు. ఒకరికి చక్కగా పనికివచ్చిన ఇంప్లాంటు మరొకరి నోట్లో నిలవకపోవచ్చు. మీకు ఏది తగినదో తేల్చుకోవడం ఎలాగో ఈ పాఠంలో చూద్దాం.

2. లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
- పన్ను పోతే నోటిలో కలిగే మార్పులను చెప్పగలుగుతారు.
- పన్ను కట్టే మూడు పద్ధతుల మధ్య తేడాలను వివరించగలుగుతారు.
- ఇంప్లాంటుకు ముందు పరిశీలించవలసిన విషయాలను గుర్తించగలుగుతారు.
- దంతవైద్యుణ్ణి ఏమేమి అడగాలో తెలుసుకుంటారు.

3. పన్ను పోతే ఏమవుతుంది?

పెద్దవారికి జ్ఞానదంతాలతో కలిపి 32 పళ్ళు ఉంటాయి. పన్ను వేరు దవడ ఎముకలో ఉంటుంది. మనం నమిలినప్పుడు ఒత్తిడి ఆ వేరు ద్వారా ఎముకకు అందుతుంది. పన్ను తీసేసిన చోట ఆ ఒత్తిడి ఉండదు. అందువల్ల ఎముక క్రమంగా తరిగి సన్నబడుతుంది. ఈ తరుగుదల మొదటి ఏడాదిలోనే ఎక్కువ. పక్క పళ్ళు ఖాళీ వైపు ఒరగవచ్చు. ఎదుటి దవడలోని పన్ను ఖాళీలోకి దిగడమో, పైకి రావడమో జరగవచ్చు. జ్ఞానదంతం తీసినప్పుడు మాత్రం సాధారణంగా దాని స్థానంలో మరో పన్ను పెట్టవలసిన పని ఉండదు.

4. మూడు మార్గాలు

(అ) తీసి పెట్టుకునే కట్టుడు పళ్ళు: ఖర్చు తక్కువ. శస్త్రచికిత్స అక్కరలేదు. రాత్రి తీసి శుభ్రం చేసుకోవాలి. కొందరికి వదులై కదులుతాయి.

(ఆ) బ్రిడ్జి: ఖాళీకి రెండు పక్కలా ఉన్న పళ్ళను అరగదీసి, వాటికి తొడుగులు వేసి, మధ్యలో కొత్త పన్నును నిలబెడతారు. పక్క పళ్ళు గట్టిగా ఉండాలి. ఆరోగ్యంగా ఉన్న పళ్ళనే అరగదీయవలసి రావడం ఇందులో లోపం.

(ఇ) ఇంప్లాంటు: దవడ ఎముకలో టైటానియం మరను వేరులాగా బిగిస్తారు. దానిపై ఒక ముక్కను అమర్చి, పైన పన్ను ఆకారంలో తొడుగు వేస్తారు. స్వీడన్ దేశపు శాస్త్రవేత్త పెర్-ఇంగ్వార్ బ్రోనెమార్క్ 1950లలో కుందేళ్ళపై పరిశోధన చేస్తూ, టైటానియం ఎముకతో గట్టిగా అతుక్కుపోవడం గమనించాడు. 1965లో తొలిసారి ఒక రోగికి ఈ పద్ధతిలో పళ్ళు అమర్చాడు. ఇందులో పక్క పళ్ళను అరగదీయనక్కరలేదు. అయితే ఖర్చు, సమయం ఎక్కువ. మర ఎముకతో అతుక్కోవడానికి సాధారణంగా మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది.

పాఠగత ప్రశ్నలు – 1
1. పన్ను తీసిన చోట దవడ ఎముక ఎందుకు తరిగిపోతుంది?
2. ఇంప్లాంటు మరను ఏ లోహంతో చేస్తారు?

5. ఇంప్లాంటుకు ముందు చూడవలసినవి

ఎముక: మర నిలవడానికి తగినంత ఎత్తు, మందం ఉండాలి. ఎక్స్‌రే లేదా స్కాన్ తీస్తేగాని ఇది తెలియదు. ఎముక చాలకపోతే ఎముక పొడి వంటివి వేసి పెంచవచ్చు. అందుకు ఖర్చూ సమయమూ పెరుగుతాయి.

చిగుళ్ళు: చిగుళ్ళనుంచి రక్తం, చీము వస్తుంటే ముందు ఆ జబ్బు నయం కావాలి. ఇంప్లాంటు పుచ్చదు. కాని దాని చుట్టూ పాచి, గార చేరితే చిగురు వాచి, లోపలి ఎముక కరిగిపోతుంది. చాలాకాలం నొప్పి తెలియదు. కాబట్టి రోజూ శుభ్రం చేసుకోలేనివారు, డాక్టరు చెప్పినప్పుడు వెళ్ళి చూపించుకోలేనివారు బాగా ఆలోచించుకోవాలి.

ఆరోగ్యం: షుగరు అదుపులో లేనివారికి పుండు త్వరగా మానదు. ఎముకలు గుల్లబారడానికి లేదా క్యాన్సరుకు మందులు వాడుతున్నవారు, తలకు, మెడకు రేడియేషన్ చికిత్స పొందినవారు ఆ సంగతి తప్పక చెప్పాలి. రక్తం పలుచబడే మందులను సొంతంగా ఆపకూడదు.

అలవాట్లు: బీడీ, సిగరెట్టు, చుట్ట తాగేవారిలో ఇంప్లాంటు విఫలమయ్యే అవకాశం ఎక్కువ. గుట్కా, ఖైనీ కూడా చిగుళ్ళకు చేటు చేస్తాయి.

వయసు: దవడ పెరుగుదల పూర్తికాని పిల్లలకు సాధారణంగా ఇంప్లాంటు వేయరు. ఆరోగ్యం బాగుంటే ముసలితనం అడ్డు కాదు.

6. ఆలోచించి చెప్పండి

కింది నలుగురికి మీరైతే ఏం సలహా ఇస్తారు? ముందు మీ జవాబు కాగితంపై రాసుకుని, తరువాత మా వివరణతో పోల్చుకోండి.

(క) 28 ఏళ్ళ టైలరు. ఒక కింది దవడ పన్ను పోయింది. పక్క పళ్ళు బాగున్నాయి. జబ్బులు, దురలవాట్లు లేవు.
(గ) 55 ఏళ్ళ లారీ డ్రైవరు. బీడీలు మానలేదు. షుగరు ఎక్కువగా ఉంది. చిగుళ్ళనుంచి రక్తం వస్తోంది.
(చ) 72 ఏళ్ళ అవ్వ. షుగరు అదుపులో ఉంది. కింది కట్టుడు పళ్ళు కదలడంవల్ల జావే తాగుతోంది.
(ట) కబడ్డీలో ముందు పన్ను పోగొట్టుకున్న 15 ఏళ్ళ అబ్బాయి.

వివరణ: (క) ఎముక చాలినంత ఉంటే ఇంప్లాంటు తగినదే. బ్రిడ్జి అయితే మంచి పళ్ళు రెండింటిని అరగదీయాలి. (గ) ఇప్పుడు వద్దు. చిగుళ్ళకు చికిత్స చేయించుకుని, బీడీ మాని, షుగరు అదుపు చేసుకోవాలి. అంతవరకు తీసి పెట్టుకునే పన్ను చాలు. (చ) పళ్ళన్నిటికీ ఇంప్లాంట్లు వేయనక్కరలేదు. కింది దవడ ముందు భాగంలో రెండు వేసి, కట్టుడు పళ్ళను వాటికి తగిలించవచ్చు. (ట) ఎదుగుదల పూర్తయ్యేవరకు తాత్కాలిక పన్ను పెట్టించాలి.

7. దంతవైద్యుణ్ణి అడగవలసినవి

- నాకున్న మార్గాలేమిటి? ఏదీ చేయించుకోకపోతే ఏమవుతుంది?
- మీరు చెప్పిన మొత్తంలో స్కాన్, మర, తొడుగు అన్నీ కలిసి ఉన్నాయా?
- ఎన్ని నెలలు పడుతుంది? ఎన్నిసార్లు రావాలి?
- మర నిలవకపోతే మళ్ళీ ఎంత ఖర్చవుతుంది?

జవాబులు కాగితంపై రాయించుకోండి. అనుమానముంటే మరో వైద్యుణ్ణి సంప్రదించండి. హైదరాబాదు, విజయవాడ, కడపలలో ప్రభుత్వ దంత వైద్య కళాశాలలు ఉన్నాయి. అక్కడ కూడా విచారించవచ్చు.

8. సారాంశం

పన్ను పోయిన వెంటనే దంతవైద్యునికి చూపించుకోవాలి. ఇంప్లాంటు వేయించుకోవాలంటే ఎముక, చిగుళ్ళు, ఆరోగ్యం, అలవాట్లు అనుకూలించాలి. ఖర్చు భరించగలగాలి, జీవితాంతం శుభ్రత పాటించాలి. ఇవి కుదరనప్పుడు కట్టుడు పళ్ళతో హాయిగా నమలడంలో చిన్నతనమేమీ లేదు.

9. పాఠాంత ప్రశ్నలు

1. బ్రిడ్జికి, ఇంప్లాంటుకు గల తేడాలు రాయండి.
2. మీ ఇంట్లో పన్ను పోయినవారు ఉంటే, 5వ భాగంలోని విషయాలను ఒక్కొక్కటిగా వారితో చర్చించి, తెలిసినదాన్ని పది వాక్యాలలో రాయండి.

పాఠగత ప్రశ్నలకు జవాబులు: 1. నమిలే ఒత్తిడి ఎముకకు అందకపోవడంవల్ల. 2. టైటానియం.