గనిలో నిప్పు - మా అబ్బాజాన్ విద్య

1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవు పేలుడులో అసువులు బాసిన అగ్నిమాపకులను దేశం ఏటా స్మరిస్తుంది. గోదావరిఖని భూగర్భంలో నిప్పుతో పోరాడేవారి పని వేరు. రెస్క్యూ దళంలో పనిచేసి పదవీ విరమణ పొందిన మా అబ్బాజాన్ వలన దానిని కొంత తెలుసుకున్నాను.

బొగ్గుకు అగ్గిపుల్ల అక్కరలేదు. బొగ్గు తీసి వదలిన భాగాన్ని గనివారు గోఫ్ అంటారు. అక్కడ మిగిలిన పొడిబొగ్గు ఆమ్లజనిని పీల్చి వేడెక్కుతుంది. ఆ వేడి పోయే దారి లేనప్పుడు దానంతటదే రాజుకుంటుంది. అప్పుడు పుట్టే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. పూర్వం దానిని పసిగట్టడానికి పంజరంలో చిన్న పక్షిని వెంట తీసుకొనిపోయేవారట, పాపం! నిప్పు అందని చోట ఉంటే నీటితో ప్రయోజనం లేదు. శ్వాస పరికరాలు ధరించిన దళం దారులన్నిటికీ అడ్డుగోడలు కట్టి గాలిని ఆపాలి.

అయితే గోడ వెనుక మనిషి మిగిలిపోరాదు. అందుకే దిగినవారికిచ్చిన దీపాలెన్ని, తిరిగి వచ్చినవెన్ని అని ముందుగా లెక్క చూస్తారు. "ఒక్క దీపం తక్కువైనా చివరి ఇటుక పెట్టరాదు" అనేవారు అబ్బాజాన్.

విరమణ తరువాత కూడా ఆయన రాత్రి తలుపు వేసే ముందు వాకిట చెప్పుల జతలు లెక్కించేవారు. రెండవ షిఫ్టుకు పోయిన మా పెద్దన్న జత అక్కడ చేరేవరకు గడియ పడేది కాదు.